జ్యూసర్ పట్టేసిందా? అడ్డం ఎక్కడుందో కనిపెట్టి తీసే పద్ధతి

"జ్యూసర్ పట్టేసింది" అని ఒక్క మాటతో తేల్చేస్తాం కానీ, ఆ మాట కింద నాలుగు వేర్వేరు సంగతులున్నాయి. జల్లెడ కన్నాలు పూడుకుపోవడం ఒకటి. పిప్పి బయటికి పోయే దారి మూసుకుపోవడం రెండోది. గట్టి ముక్కో గింజో మధ్యలో ఇరుక్కుని, తిరగాల్సింది తిరగకపోవడం మూడోది. నాలుగోదానిలో అడ్డమే ఉండదు, మోటారు వేడెక్కి తనంతట తానే ఆగిపోయి ఉంటుంది. నిలబడి చూసేవారికి మాత్రం నాలుగూ ఒకటే: గ్లాసులోకి రసం రావట్లేదు.

ఒకదానికి చేసే వైద్యం ఇంకొకదానికి పనికిరాదు. ఒక్కోసారి చెరుపు కూడా చేస్తుంది. కన్నాలు పూడుకుపోయిన జల్లెడకు, వెనక్కి తిప్పే రివర్స్ బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఒరిగేదేమీ లేదు. గింజ ఇరుక్కున్నప్పుడు పైనుంచి పుషర్‌తో (ముక్కలను కిందికి తోసే కాడతో) కుమ్మితే గింజ ఇంకా లోతుకు దిగి, పండును పిండే మర స్క్రూ చీలుతుంది. వేడెక్కిన మోటారును మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే వైండింగు (లోపలి తీగ చుట్ట) మాడుతుంది. కాబట్టి మూత తెరవకముందే అడ్డం ఎక్కడుందో ఒక అంచనాకు రావాలి. అంతకంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు

స్విచ్ ఆపేశాం కదా అని లోపల చెయ్యి పెట్టడం మన ఇళ్లలో మామూలే. ఆ అలవాటు ఎందుకు ప్రమాదమో చూడండి.

కరెంటు పోవడం వల్ల ఆగిన జ్యూసర్‌ను పట్టేసిన జ్యూసరని పొరబడటం చాలా తేలిక. స్విచ్ ఆన్‌లోనే ఉంటుంది, మూత తీసి వేలు పెడతాం, సరిగ్గా అప్పుడే కరెంటు వస్తుంది. మూత సరిగ్గా పడితేనే తిరిగే ఏర్పాటు కొత్త జ్యూసర్లలో ఉంటుంది గానీ, పాత మిక్సీల్లో చాలావాటికి అది లేదు. రెండో సంగతి, కొన్ని మోటార్లలో వేడెక్కితే కరెంటు ఆపేసే చిన్న రక్షణ పరికరం ఉంటుంది. కొన్ని యంత్రాల్లో అది చల్లారగానే తనంతట తానే మళ్లీ కలుస్తుంది. అంటే చచ్చిపడి ఉన్నట్టు కనిపించిన యంత్రం ఎవరూ ముట్టుకోకుండానే లేచి తిరగొచ్చు. మూడోది ఇంటి వైరింగు. గోడ మీది స్విచ్ కరెంటు తెచ్చే ఫేజ్ తీగ మీద ఉండాలి, కానీ ఏ తొందరలోనో తిరుగుదారి అయిన న్యూట్రల్ మీద పెట్టేసిన బోర్డులు ఉంటూనే ఉంటాయి. అలాంటి చోట స్విచ్ ఆపినా యంత్రం లోపలి దాకా ఫేజ్ ఉంటుంది. తడి చేతులతో పనిచేసే వంటింట్లో ఇది చిన్న విషయం కాదు.

అందుకే వరస ఇది: యంత్రం స్విచ్ సున్నాకు తిప్పాలి, గోడ స్విచ్ ఆపాలి, చేతులు తుడుచుకుని ప్లగ్గును పట్టుకుని (తీగను పట్టుకుని కాదు) బయటికి లాగాలి. వేగంగా తిరిగే జ్యూసర్ అయితే ఆపిన తర్వాత కూడా బుట్ట కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే మూత మీద చెయ్యి వేయాలి.

చప్పుడు, పిప్పి: ఇవే సాక్ష్యాలు

ఆగిపోయే ముందు యంత్రం ఏం చేసిందో గుర్తు తెచ్చుకోండి. మోటారు తిరుగుతోంది, స్క్రూ తిరుగుతోంది, కానీ పిప్పి నీళ్లోడుతూ వస్తోంది, రసం తగ్గింది, మూత అంచుల్లోంచి కారుతోంది అంటే జల్లెడ కన్నాలు పూడాయి. రసానికి దారి లేక పిప్పి వెంట పోతోందన్నమాట. పిప్పి రావడమే మానేసి, రసం చిక్కబడి, మూత పైకి లేస్తున్నట్టు బిగుసుకుంటే పిప్పి దారి మూసుకుంది. "గుర్ర్" మని మూలుగుతూ ఏదీ తిరగకపోతే ఏదో ఇరుక్కుంది. ఆ మూలుగు వినగానే రెండు మూడు సెకన్లలో ఆపేయాలి. తిరుగుతున్న మోటారు తనలోకి వచ్చే కరెంటును తానే కొంత అడ్డుకుంటుంది. కదలకుండా నిలిచిపోతే ఆ అడ్డు ఉండదు, మామూలుకు ఎన్నో రెట్లు కరెంటు వైండింగులోకి దూసుకొస్తుంది. చల్లబరచాల్సిన ఫ్యాను కూడా అదే ఇరుసు మీద ఉంటుంది కాబట్టి అదీ ఆగిపోయి ఉంటుంది. మాడిన వాసన రావడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇక ఏ చప్పుడూ లేకపోతే ముందు కంగారు పడక్కర్లేదు. మూత గుర్తు దగ్గర సరిగ్గా కలిసిందా, జార్ పూర్తిగా కూర్చుందా, బోర్డులో కరెంటు ఉందా అని చూడండి. ఈ మూడూ సరిగ్గా ఉంటేనే ఓవర్‌లోడ్ (భారం ఎక్కువై మోటారు తానే ఆగిపోవడం) సంగతి.

మెల్లగా తిరిగేదే మొండిది

కోల్డ్ ప్రెస్ అనీ, స్లో జ్యూసర్ అనీ అమ్ముతున్న యంత్రాల్లో ఈ సమస్య ఎక్కువ. కారణం వాటి నిర్మాణంలోనే ఉంది. నిలువుగా ఒక మర స్క్రూ, దాని చుట్టూ సన్నని కన్నాల జల్లెడ, ఆ జల్లెడ చుట్టూ సిలికాన్ రెక్కలున్న ఒక బ్రష్ చట్రం, వీటన్నిటినీ పట్టుకునే గిన్నె. స్క్రూ పండును జల్లెడకేసి నొక్కి పిండుతుంది. రసం కన్నాల్లోంచి పోతుంది, పిప్పి అడుగున ఉన్న ఇరుకు దారిలోంచి బయటికి తోసుకుపోతుంది. గానుగ చేసే పనికి ఇది చిన్న తమ్ముడు.

మిక్సీ మోటారు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 నుంచి 20,000 చుట్లు. స్లో జ్యూసర్ స్క్రూ 40 నుంచి 80 చుట్లే. మోటారు కూడా చిన్నదే, 150 నుంచి 250 వాట్లు. ఇంత మెల్లగా తిరిగేది ఏం చేస్తుందిలే అనుకుంటాం. కానీ గేర్లతో వేగం తగ్గించిన కొద్దీ మెలితిప్పే బలం పెరుగుతుంది. మిక్సీ ఇరుసుతో పోలిస్తే ఈ స్క్రూ దగ్గర ఆ బలం పదుల రెట్లు ఎక్కువ. బ్లేడు కోస్తుంది, ఇది నలిపేస్తుంది. క్యారెట్‌ను పిండి చేసేది వేలిని వదలదు. పిల్లలున్న ఇంట్లో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

స్క్రూ ఆగిపోతే మొదటి ప్రయత్నం రివర్స్. ఈ ఒక్క పనికే ప్లగ్గు ఉంచాలి. చేతులు ముక్కలు వేసే గొట్టానికి దూరంగా ఉండాలి, పుషర్ కూడా బయటే ఉండాలి. స్విచ్ సున్నాకు తెచ్చి, అంతా నిలిచేదాకా మూడు సెకన్లు ఆగండి. రివర్స్‌ను 2 – 3 సెకన్లు నొక్కి పట్టి వదలండి. మళ్లీ సున్నా, మళ్లీ కాస్త ఆగడం, తర్వాత 2 – 3 సెకన్లు ముందుకు. ముందుకు తిరుగుతున్నదాన్ని ఆగకుండా ఒక్కసారిగా వెనక్కి తిప్పితే ఆ దెబ్బ గేర్ల పళ్ల మీద పడుతుంది. మధ్యలో ఆగమనేది అందుకే. ఇలా మూడుసార్లు చేసి చూడండి. స్క్రూ కొంచెం కదులుతున్నా బిగువుగా ఉంటే పైనుంచి 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మళ్లీ చేయండి. ఎండి బిగిసిన పిప్పి నీటికి జారుతుంది. మూడుసార్లలో ఏ కదలికా లేకపోతే ఇక రివర్స్ వద్దు, ప్లగ్గు పీకేయండి.

అప్పుడు ఎదురయ్యేది మూత రాకపోవడం. అందరూ కండబలం చూపించేది ఇక్కడే. లోపల పిప్పి గట్టిపడి మూతను కింది నుంచి పైకి తోస్తూ ఉంటుంది. మూత అంచు పళ్లు గిన్నె గాడిలో పైకి నొక్కుకుని బిగిసి ఉంటాయి. అలా ఉండగా మూతను పైకి లాగుతూ తిప్పితే ఆ బిగువును మనమే ఇంకా పెంచినట్టు. ఒక అరచేతితో మూతను కిందికి అదుముతూ, ఇంకో చేత్తో తెరిచే వైపు తిప్పండి. పళ్లు గాడిలోంచి వదులై చాలాసార్లు అలాగే వచ్చేస్తుంది. రాకపోతే గిన్నెను మూతతో సహా మోటారు మీది నుంచి పైకి ఎత్తి, గోరువెచ్చని నీళ్ల టబ్బులో 20 – 30 నిమిషాలు నానబెట్టండి. చెయ్యి హాయిగా ఓర్చుకునేంత వేడి చాలు, మరిగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ వంకర పోయి ఆ తర్వాత ఏ భాగమూ ఏ భాగంలోనూ కూర్చోదు. గిన్నె కూడా ఎత్తడానికి రాకపోతే గొట్టంలోంచి అరకప్పు గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట వదిలేయండి. అంతకంటే ఎక్కువ పోయొద్దు, పొంగితే కింద మోటారుంది. స్క్రూడ్రైవరుతో మూతను ఎత్తడం, పచ్చడిబండతో తట్టడం లాంటివి చేస్తే మూత వస్తుంది, దాని పళ్లు మాత్రం మిగలవు.

మూత వచ్చాక స్క్రూను నిట్టనిలువుగా, కొంచెం అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. జల్లెడతో కలిసి బిగిసిపోతే రెంటినీ కలిపే తీసి నానబెట్టాలి. ఇరుక్కున్న గింజ చాలావరకు స్క్రూ అడుగున, పిప్పి దారి సన్నబడే చోట దొరుకుతుంది. తీశాక వెలుతురులో స్క్రూ అంచులూ జల్లెడ అడుగూ చూడండి. చీలిక గానీ, విరిగిన మూల గానీ కనిపిస్తే అప్పటిదాకా వచ్చిన రసం పారబోయాలి, విరిగిన ముక్క పిప్పిలోనే పోయిందన్న భరోసా ఏమీ లేదు. చీలిన భాగాన్ని జిగురుతో అతికించి వాడకూడదు.

చాలామంది చూడని చోటు గిన్నె అడుగు. పిప్పి బయటికొచ్చే గొట్టం మొదట్లో చాలా మోడళ్లకు ఒక చిన్న సిలికాన్ బిరడా ఉంటుంది. దాన్ని ఒక వైపు నుంచి లాగితే తెరుచుకుంటుంది. లోపల బిగిసిన పిప్పిని చెక్క గరిటె కాడతోనో, యంత్రంతో ఇచ్చిన బ్రష్ వెనక కొనతోనో తోసేయొచ్చు. రోజూ కడిగేవాళ్లు కూడా ఈ బిరడా తీయరు. వారం తిరిగేసరికి అక్కడ పిప్పి అట్టకట్టి, దారి సగానికి సన్నబడి, "కొత్తలో బాగానే ఉండేది" అనే ఫిర్యాదు మొదలవుతుంది. కడిగాక బిరడాను గట్టిగా తిరిగి పెట్టాలి. మర్చిపోతే పిప్పి మీద పడాల్సిన ఒత్తిడి పడదు, రసం సగం పిప్పిలోనే పోతుంది.

వేగంగా తిరిగే బుట్ట

సెంట్రిఫ్యూగల్ జ్యూసర్‌లో అడుగున కోరే పళ్లూ చుట్టూ జాలీ ఉన్న బుట్ట నిమిషానికి 6,000 నుంచి 14,000 చుట్లు తిరుగుతుంది. ఇక్కడ ఇరుక్కోవడం కంటే ముందే కనిపించే లక్షణం ఊగిపోవడం. పిప్పి జాలీకి ఒక పక్క మందంగా అంటుకుంటే బరువు ఒక వైపుకు పోయి యంత్రం గట్టు మీద నడవడం మొదలుపెడుతుంది. దాన్ని చేత్తో అదిమిపట్టి పని కానిచ్చేయడం తప్పు. ఆ ఊపు ఇరుసు బేరింగునూ జాలీ అతుకునూ తినేస్తుంది. ఆపి, పిప్పి డబ్బా నిండిందేమో చూసి, బుట్టను కడిగి మళ్లీ పెట్టాలి. కడిగాక కూడా ఊగితే జాలీలో ఎక్కడో పగులు ఉందేమో వెతకండి. పగిలిన జాలీతో ఆ వేగంలో ఒక్క గ్లాసు కూడా తీయకూడదు.

బుట్ట అడుగున ఉన్న పళ్లు చూడటానికి చిన్నవి, వేళ్లకు మాత్రం కొబ్బరి కోరాము లాంటివే. వేలితో తుడవకుండా బ్రష్ వాడండి. గొట్టంలో ముక్క నిలిచిపోతే చెంచా దూర్చకండి, ఆ వేగంలో చెంచా తగిలితే విరిగేది బుట్టే.

మిక్సీ జ్యూసర్ జార్

మన ఇళ్లలో విడి జ్యూసర్ కంటే మిక్సీతో వచ్చే జ్యూసర్ జారే ఎక్కువ. బ్లేడు చుట్టూ నిలువు జాలీ, ముక్కలు జాలీ లోపల, రసం బయట. ముక్కలు కూరి పెడితే బ్లేడు కింది పొరను గుజ్జు చేసి దాని చుట్టూ ఖాళీగా తిరుగుతుంది, పై ముక్కలు కిందికి దిగవు. జాలీని సగం వరకే నింపి, 50 – 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, 5 – 10 సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పితే ఈ గొడవే ఉండదు.

ఈ జార్లలో ఇంకో రకం పట్టేయడం ఉంది. రెండు మూడు వారాలు వాడకుండా పెట్టిన జార్‌లో బ్లేడు కదలదు. బ్లేడు ఇరుసు తిరిగే బుష్‌లోకి దిగిన పండు రసం ఎండి జిగురులా పట్టేస్తుంది. జార్‌ను తిరగేసి అడుగున ఉన్న కప్లర్‌ను (మోటారుకు తగులుకునే పళ్ల బిళ్లను) చేత్తో తిప్పి చూడండి, తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే బ్లేడు మునిగేలా గోరువెచ్చని నీళ్లు పోసి అరగంట ఉంచి, గుడ్డ చుట్టి కప్లర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పండి. అది వదులయ్యే దాకా మిక్సీ మీద పెట్టొద్దు. పెట్టి ఆన్ చేస్తే కప్లర్ పళ్లు అరిగిపోతాయి, కొన్నిసార్లు మోటారు మీది కప్లర్ కూడా పోతుంది. వంట నూనె చుక్క వేస్తే అప్పటికి తిరుగుతుంది కానీ, ఆ నూనె ముదిరి మళ్లీ జిగురవుతుంది. జార్ కింద నల్లటి తడి కనిపిస్తుంటే బుష్ పోయిందని అర్థం. మిక్సీ రిపేరు కొట్టులో బుష్ మార్పించాలి, ఎందుకంటే అక్కడ కారే నీళ్లు నేరుగా మోటారులోకే.

ఏదీ ఇరుక్కోకుండా ఆగితే

మిక్సీని ఎత్తి చూస్తే అడుగున, చాలావాటికి ఎర్రగా, ఒక చిన్న బటన్ ఉంటుంది. భారం ఎక్కువైతే అది బయటికి పొడుచుకొచ్చి కరెంటు ఆపేస్తుంది. ప్లగ్గు తీసి, జార్ ఖాళీ చేసి, 10 – 15 నిమిషాలు చల్లారనిచ్చి, బటన్‌ను టక్కుమనేలా లోపలికి నొక్కండి. ముందు జార్ లేకుండా తిప్పి చూడాలి. ఖాళీగా తిరుగుతూ, జార్ పెడితే ఆగిపోతుంటే తప్పు జార్‌ది. ఖాళీగా కూడా ఆగిపోతుంటే మోటారుది. అప్పుడు ఆ బటన్‌ను మళ్లీ మళ్లీ నొక్కి పని చేయించొద్దు, వేలితో దాన్ని అదిమిపట్టి మిక్సీని అసలే తిప్పొద్దు. చాలా స్లో జ్యూసర్లకు ఈ బటన్ ఉండదు. లోపలి రక్షణ చల్లారే దాకా, అరగంటో ఇంకాసేపో, ప్లగ్గు తీసి ఊరుకోవడమే. వీటిని ఒక్క బిగిన 15 – 30 నిమిషాలకు మించి తిప్పకూడదని చిన్న పుస్తకంలో రాసే ఉంటుంది, ఆ పుస్తకం అట్టపెట్టెలోనే ఉండిపోతుంది. కొత్త యంత్రం మొదటి రెండు మూడు వాడకాల్లో వార్నిష్ వాసన కొంచెం వస్తే అది మామూలే. పాత యంత్రం నుంచి వస్తే మామూలు కాదు.

కన్నాలు తెరుచుకోవాలంటే

జల్లెడను లోపలి వైపు నుంచి రుద్దితే పీచు ఇంకా కన్నాల్లోకి దిగుతుంది. అది లోపలి నుంచే దూరింది కాబట్టి బయటి వైపు నుంచి కుళాయి ధార పట్టి, బయటి వైపు నుంచే నైలాన్ బ్రష్‌తో కొడితే వచ్చిన దారినే వెనక్కి పోతుంది. సూదితో గుచ్చితే కన్నం పెద్దదై రసంలోకి పిప్పి వస్తుంది.

పాతబడ్డ పూడికలో రెండు రకాలున్నాయి. క్యారెట్, ఆకుకూరల జిడ్డు మరక అయితే అర లీటరు గోరువెచ్చని నీటిలో ఒక చెంచా వంట సోడా కలిపి 20 నిమిషాలు నానబెట్టాలి. బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో తెల్లటి పొర కట్టి కన్నాలు సన్నబడతాయి. దానికి సోడా పనిచేయదు, అర లీటరుకు ఒక చెంచా నిమ్మ ఉప్పు కావాలి. రెండూ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో కడిగి చేయండి. రెండూ కలిపితే నురుగు చూడముచ్చటగా వస్తుంది గానీ, ఒకదాన్నొకటి చంపేసుకుని మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.

స్లో జ్యూసర్ జల్లెడ తరచూ పూడుతుంటే సిలికాన్ రెక్కలు చూడండి. తిరుగుతూ జల్లెడను తుడవడమే వాటి పని. అరిగిపోయినా, ఒకటి ఊడిపోయినా జల్లెడ రెండు గ్లాసులకే పూడుతుంది.

ఏది వేస్తే ఏమవుతుంది

అడ్డం పడేది చాలావరకు పీచు వల్లే, అందులోనూ పొడవాటి పీచు వల్ల. అల్లాన్ని నిలువుగా కాకుండా అడ్డంగా, పలుచని బిళ్లలుగా కోస్తే పీచు పొట్టిదవుతుంది. పాలకూర, పుదీనా, గోధుమ గడ్డి లాంటివి 2 – 3 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కీరా గానీ సొరకాయ గానీ ఒక ముక్క, ఆకు ఒక గుప్పెడు చొప్పున మార్చి మార్చి వేయాలి. ఆకునంతా ఒకేసారి వేస్తే స్క్రూ చుట్టూ తాడులా పేనుకుంటుంది. బత్తాయికి పసుపు తొక్కతో పాటు మందంగా ఉన్న తెల్ల పొర కూడా తీయండి, గింజలు కూడా తీస్తే చేదు తగ్గుతుంది. పైనాపిల్ నడిమి కాడ పీచు ముద్ద, దాన్ని వేరుచేస్తే మంచిది. దానిమ్మ, ద్రాక్ష గింజలు స్లో జ్యూసర్‌కు ఇబ్బంది కాదు. ఉసిరి, నేరేడు, రేగు గింజలు మాత్రం తీయాల్సిందే, స్క్రూలు పగిలేది ఇలాంటివాటితోనే. ఐసు ముక్కలూ, రాయిలా గడ్డకట్టిన పండ్లూ కూడా అంతే. చెరకు ఇంటి జ్యూసర్ పని కాదు, దానికి ఇనుప రోలర్లున్న బండి ఉండనే ఉంది.

అరటి, సపోటా, బాగా పండిన బొప్పాయి వేస్తే రసం రాదు, పేస్టు వచ్చి జల్లెడకు మెత్తుకుంటుంది. ఇవి మామూలు మిక్సీ జార్‌లో పాలతో కలిపి తిప్పాల్సినవి. మామిడిలో రసాలకు జ్యూసర్ ఎందుకో ఎప్పటికీ అర్థం కాదు. ఆ పీచు జల్లెడను ఒక్క కాయతో మూసేస్తుంది, చేత్తో పిసికి తాగడానికే అవి పుట్టాయి. సీతాఫలం గింజలు గట్టివే కాదు, పగిలితే విషపూరితం కూడా, కళ్లలో పడితే మంట, వాపు. గుజ్జును ముందు చేత్తో జల్లెడ పట్టి గింజలన్నీ వేరు చేస్తే తప్ప ఏ యంత్రంలోనూ వేయకూడదు.

చివరి ముక్క అయ్యాక వెంటనే ఆపేయకుండా ఒక గ్లాసు నీళ్లు పోసి అర నిమిషం తిప్పండి. ఆ నీళ్లు పారబోసి, పది నిమిషాల్లోపు విప్పి కడిగితే కుళాయి ధారే సరిపోతుంది. భోజనం చేసొచ్చి కడుగుదామనుకుంటే బ్రష్ కావాలి, రాత్రికి వాయిదా వేస్తే టబ్బులో నానబెట్టాలి.